తిన్నదంతా ఒంటికి పడుతుందా?

సోమందేపల్లె పెనుకొండకూ హిందూపురానికీ నడుమ ఉన్న మండల కేంద్రం. చుట్టూ ఎర్రనేల, రాళ్లగుట్టలు. అనంతపురం మెరక సీమలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడి వంట ఆ వానను బట్టే ఏర్పడింది. రాగి సంగటి, ఉలవచారు, అలసందల పులుసు, అనపగింజల కూర, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి, ఆఖరున మజ్జిగ. పోషకాల పట్టిక ముందు పెట్టుకుని లెక్కేస్తే ఈ భోజనానికి వంక పెట్టడం కష్టం. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే బరువు ఆవుపాలలో ఉండేదానికి ఇది దాదాపు మూడింతలు. వంద గ్రాముల చెనిక్కాయ విత్తనాల్లో పాతిక గ్రాముల దాకా మాంసకృత్తులు, నలభై అయిదు గ్రాములకు అటూ ఇటూగా నూనె ఉంటాయి.

అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 59 శాతం మందికి, అయిదేళ్లలోపు పిల్లల్లో సుమారు 63 శాతం మందికి రక్తహీనత ఉంది. తినేది చాలకపోవడం అందుకు ఒక కారణం. తిన్నది ఒంటికి పట్టకపోవడం రెండో కారణం. దీని గురించి మనం మాట్లాడుకునేది తక్కువ. నోట్లో పెట్టిన ముద్ద నెత్తురులో కలిసే లోపు ఏం జరుగుతుంది, ఎక్కడ ఎంత చేజారుతుంది, దాన్ని నిలబెట్టుకోవడానికి వంటింట్లో, ఊళ్లో ఏం చేయవచ్చు? ఈ మెరక సీమ తిండిని ముందుంచుకుని, రెండు వందల ఏళ్ల పరిశోధన ఇచ్చిన జవాబులను సమీక్షించడం ఈ వ్యాసం పని.

నోరు, జీర్ణాశయం

జీర్ణక్రియ నోట్లోనే మొదలవుతుంది. రోజుకు లీటరుకు పైగా ఊరే లాలాజలంలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది పిండిపదార్థాన్ని చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. కానీ సంగటి తినే పద్ధతి వేరు. ముద్దను తుంచి, పులుసులో అద్ది, పెద్దగా నమలకుండా మింగుతారు. అందుచేత లాలాజలానికి దొరికే సమయం తక్కువ. సంగటిలోని పిండిని విడగొట్టే పని చాలావరకు కిందనున్న పేగు మీదే పడుతుంది. దానివల్ల నష్టమేమీ లేదు, ఎందుకంటే పేగుకు ఆ శక్తి పుష్కలంగా ఉంది.

జీర్ణాశయంలో జరిగేదాన్ని కళ్లారా చూసిన తొలి వైద్యుల్లో అమెరికా సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ముఖ్యుడు. 1822లో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకి గుండు తగిలి కడుపులో పడిన రంధ్రం పూర్తిగా మూసుకోలేదు. బోమాంట్ పట్టుదారానికి ఆహారపు ముక్కలు కట్టి ఆ రంధ్రం గుండా లోపలికి వదిలి, ఏది ఎంతసేపటికి కరిగేదో కొన్నేళ్లపాటు రాసుకున్నాడు. లోపలి రసాన్ని సీసాలోకి తీసి వెచ్చగా ఉంచితే అక్కడా మాంసం కరిగింది. కడుపు చేసేది కేవలం రుబ్బడం కాదని, అది రసాయన చర్య అని 1833లో అతను ప్రచురించిన పుస్తకం తేల్చింది. ఆ రసంలోని హైడ్రోక్లోరికామ్లం మాంసకృత్తుల మడతలు విప్పుతుంది, పెప్సిన్ అనే ఎంజైమ్ వాటిని ముక్కలు చేస్తుంది. ఆహారంతో వచ్చే సూక్ష్మజీవుల్లో చాలావాటిని ఆ ఆమ్లమే చంపుతుంది.

జీర్ణాశయం ఎంత వేగంగా ఖాళీ అవుతుందన్నది తినే రూపాన్ని బట్టి మారుతుంది. పలుచని రాగిజావ త్వరగా దిగిపోతుంది. గట్టి సంగటి, అందులోనూ పప్పు, చెనిక్కాయ నూనె కలిసినది, గంటల తరబడి నిలుస్తుంది. పొలం పనికి పోయేవాళ్లు పొద్దున సంగటి తిని బయల్దేరడానికి ఇదొక కారణం.

అసలు పని చిన్నపేగుది

చిన్నపేగులోకి పుల్లని ముద్ద దిగగానే క్లోమం తన రసాన్ని వదులుతుంది. ఈ కబురు నరాల ద్వారా అందుతుందని 19వ శతాబ్దం నమ్మింది. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు ఒక కుక్క పేగుకు పోయే నరాలన్నీ తెంపి, అక్కడ ఆమ్లం పోసి చూశారు. అయినా క్లోమం స్పందించింది. పేగు గోడ నుంచి నెత్తురులో కలిసి పోయే సెక్రెటిన్ ఆ కబురు మోసుకుపోతుందని తేలింది. మనిషికి తెలిసిన తొలి హార్మోన్లలో అది ఒకటి. జీర్ణవ్యవస్థ వేళ తెలిసి పనిచేస్తుందన్న అవగాహన అక్కడే మొదలైంది.

ఇక్కడ మూడు పనులు ఒకేసారి నడుస్తాయి. క్లోమరసంలోని అమైలేజ్ పిండిని విడగొడితే, పేగు గోడ మీదున్న ఎంజైములు దాన్ని గ్లూకోజ్ దాకా తెస్తాయి. ట్రిప్సిన్, దాని తోటి ఎంజైములు మాంసకృత్తులను అమైనో ఆమ్లాలుగా, రెండు మూడు అమైనో ఆమ్లాల చిన్న గొలుసులుగా తుంచుతాయి. కొవ్వు సంగతి వేరు, అది నీటిలో కలవదు. కాలేయంలో తయారై పిత్తాశయంలో నిలవుండే పైత్యరసం దాన్ని సన్నని బిందువులుగా చెదరగొట్టాకే లైపేజ్ దాన్ని కోయగలదు. గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు నెత్తురులో కలిసి నేరుగా కాలేయానికి వెళతాయి. కొవ్వులో ఎక్కువ భాగం మాత్రం శోషరస నాళాల దారి పట్టి, గుండెకు దగ్గరలో నెత్తురులో కలుస్తుంది.

పీల్చుకునే గోడ నున్నగా ఉంటే ఈ పని సాగదు. దానికి మడతలు, మడతల మీద ఆంత్రచూషకాలు, వాటి మీద కణాలు, ఒక్కో కణం మీద వేలకొద్దీ సూక్ష్మమైన ముళ్లు ఉంటాయి. మొత్తం పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్లీ కొలిచి జీర్ణనాళం మొత్తం లోపలి గోడ సుమారు 32 చదరపు మీటర్లని లెక్కగట్టారు. టెన్నిస్ కోర్టులో దాదాపు ఎనిమిదో వంతు. అంకె తగ్గినా ఆ గోడ విలువ తగ్గలేదు. దాని పైవరస కణాలు మూడు నుంచి అయిదు రోజులకోసారి పూర్తిగా కొత్తవవుతాయి. ఒంట్లో ఇంత త్వరగా మారే కణజాలం అరుదు. కొత్త కణాల తయారీకి పోషకాలు కావాలి, పోషకాలు అందాలంటే ఆ కణాలే కావాలి. ఈ చక్రం తెగితే ఏమవుతుందో వ్యాసం చివర్లో చూద్దాం.

చెనిక్కాయ: నూరితే ఒక లెక్క, నూరకుంటే ఒక లెక్క

చెనిక్కాయ నూనె విత్తనం కణాల్లో ఉంటుంది. ఆ కణాల గోడలు పీచుతో కట్టినవి, వాటిని కరిగించే ఎంజైమ్ మనిషికి లేదు. పంటి కింద పగలని కణంలోని నూనె అలాగే బయటికి పోతుంది. 1980లో లెవిన్, సిల్విస్ అనే అమెరికా వైద్యులు దీన్ని కొలిచి చూపారు. తిన్న కొవ్వులో, గింజలుగా తిన్నప్పుడు దాదాపు 18 శాతం, వెన్నలా నూరినది తిన్నప్పుడు 7 శాతం, నూనెగా తీసుకున్నప్పుడు 4.5 శాతం మలంలో పోయింది. అంటే రోట్లో నూరిన ఊరిబిండి, పళ్లు సరిగా లేని ముసలివాళ్లకూ చిన్నపిల్లలకూ వేయించిన గింజల కంటే ఎక్కువ బలమిస్తుంది. బరువు తగ్గాలనుకునేవాళ్లకు గింజలుగా నమిలి తినడం మేలు. వేయించడం వల్ల మరో లాభం ఉంది. పచ్చి గింజల్లో ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థాలుంటాయి, వేడికి అవి చాలావరకు దెబ్బతింటాయి.

చెనిక్కాయలో ఆందోళన పడాల్సిన సంగతి కూడా ఉంది. కాయ ఊరే దశలో వాన ఎగ్గొడితే భూమిలోని ఆస్పర్‌జిల్లస్ బూజు కాయలోకి చొరబడి అఫ్లటాక్సిన్ తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో చెనిక్కాయ పిండి తిన్న టర్కీ కోళ్లు లక్షకు పైగా చనిపోయాక ఈ విషం బయటపడింది. మంచి పోషకాలను పీల్చుకునే చిన్నపేగే దీన్నీ పీల్చుకుంటుంది, నెత్తురు దీన్ని నేరుగా కాలేయానికి చేరుస్తుంది. వంట వేడికి ఇది పూర్తిగా పోదు. కరువు సీమలో పండే పంటకు కరువే తెచ్చే జబ్బు ఇది. ముడుచుకుపోయిన, రంగు మారిన, బూజు పట్టిన గింజలను ఏరిపారేయడం, కాయలను బాగా ఎండబెట్టి తేమ తగలకుండా దాచడం ఇంట్లో చేయగలిగిన రక్షణ. ఏరిన గింజలను చవగ్గా అమ్మడం, పశువులకు వేయడం మాత్రం ఆ విషాన్ని మరో దారిన మన దగ్గరికే తెస్తుంది. పాడి పశువు తిన్న అఫ్లటాక్సిన్‌లో కొంత రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది.

రాగి: పట్టికలో ఉన్నది, పేగుకు అందేది

రాగి గింజ పైపొరలోనే కాల్షియం, ఇనుము ఎక్కువగా ఉంటాయి. అదే పొరలో ఫైటేట్, టానిన్లు కూడా ఉంటాయి. ఇవి ఇనుమును, కాల్షియాన్ని, జింకును గట్టిగా పట్టుకుని పేగు గోడ దాకా పోనివ్వవు. మన ధాన్యపు భోజనాల్లోని ఇనుములో ఒంటికి పట్టేది సాధారణంగా పదో వంతు లోపే. రాగిలో ఇనుము ఉన్నంత మాత్రాన రక్తహీనత పోదని దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఈ ముడిని విప్పే పద్ధతులు మన ఇళ్లలోనే ఉన్నాయి. రాగులు నానబెట్టి, గుడ్డలో కట్టి మొలకెత్తిస్తే గింజలోని ఫైటేజ్ అనే ఎంజైమ్ మేల్కొని ఫైటేట్‌ను కోస్తుంది. అంబలి పులియబెట్టినా అదే జరుగుతుంది. మొలకెత్తిన రాగిలో అమైలేజ్ కూడా పెరుగుతుంది. దోరగా మాత్రమే వేయించి పిండి పడితే ఆ ఎంజైమ్ కొంత మిగిలి, జావను పలుచన చేస్తుంది. అప్పుడు అదే గిన్నెలో ఎక్కువ పిండి పట్టించవచ్చు, చిన్న కడుపున్న బిడ్డకు అదే పరిమాణంలో ఎక్కువ బలం అందుతుంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, బరోడాలోని పోషకాహార పరిశోధకులు దీని మీద దశాబ్దాలు పనిచేశారు. మాడేలా వేయిస్తే మాత్రం ఎంజైమ్ చచ్చి, రుచి మాత్రమే మిగులుతుంది.

రెండో దారి పళ్లెంలో తోడుగా ఏముందన్నది. నిమ్మకాయ, ఉసిరి, జామ ఇచ్చే విటమిన్ సి, ఇనుమును పేగు పీల్చుకోగల రూపంలోకి మార్చి ఫైటేట్ నుంచి విడిపిస్తుంది. భోజనం కాగానే తాగే టీ దీనికి సరిగ్గా వ్యతిరేకం పని చేస్తుంది, దాని టానిన్లు ఉన్న ఇనుమును కూడా కట్టిపడేస్తాయి. భోజనానికీ టీకీ గంట ఎడం పెట్టడం ఖర్చులేని వైద్యం.

మూడోది మన చేతిలో నేరుగా లేనిది. ఒంట్లో ఇనుము తగ్గితే పేగు ఎక్కువ పీల్చుకుంటుంది. ఎక్కడైనా ఇన్ఫెక్షన్, వాపు ఉంటే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను పెంచి ఆ దారి మూసేస్తుంది. తరచూ విరేచనాలయ్యే బిడ్డకు ఎంత ఇనుము పెట్టినా ఎక్కకపోవడానికి ఇదొక కారణం.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మొదలుపెట్టిన రెండు రూపాయల కిలో బియ్యం ఈ సీమ ఆకలిని తీర్చింది. ఆ మేలు చిన్నది కాదు. పాలిష్ బియ్యంలో ఫైటేట్ తక్కువే కానీ కాల్షియం, ఇనుము కూడా బాగా తక్కువ. సంగటి ముద్దలో రాగి పాలు తగ్గి బియ్యం పాలు పెరిగింది. ఇప్పుడు దారి కొంత వెనక్కి తిరుగుతోంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ కొర్ర, అండుకొర్ర, రాగి సాగును తిరిగి నిలబెట్టే పని చేస్తోంది. 2023 మార్చిలో రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజన పథకంలో వారానికి మూడు రోజులు రాగిజావ చేరింది. ఈ జావ మొలకెత్తించిన పిండితో చేస్తే, పక్కన ఒక జామకాయ ఉంటే, అదే ఖర్చుకు పిల్లల ఒంటికి మరింత పడుతుంది.

మధుమేహానికి రాగి మందు అన్న ప్రచారాన్ని మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. రాగి తిన్నాక నెత్తురులో చక్కెర ఎంత పెరుగుతుందన్నది పిండి ఎంత మెత్తగా పట్టారు, జావ కాచారా ముద్ద కట్టారా, అందులో బియ్యం ఎంత కలిపారు అన్నదాన్ని బట్టి చాలా మారుతుంది. మెత్తటి పిండితో కాచిన పలుచని జావ వేగంగా జీర్ణమవుతుంది. పప్పు, ఆకుకూర తోడున్న ముద్ద నెమ్మదిగా జీర్ణమవుతుంది.

ఉలవలు, మజ్జిగ, పెద్దపేగు

ఉలవల్లో, అలసందల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలున్నాయి. వీటిని కోసే ఎంజైమ్ మన చిన్నపేగుకు లేదు. అవి నేరుగా పెద్దపేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమై గాలి పుట్టిస్తాయి. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయడం, మొలకెత్తించి గుగ్గిళ్లు చేయడం ఈ బాధను తగ్గిస్తాయి.

పెద్దపేగును వ్యర్థాల గదిగా చూసే రోజులు పోయాయి. మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉన్నాయని 2016 నాటి లెక్క. వాటిలో అత్యధికం ఇక్కడే ఉంటాయి. జీర్ణం కాని పీచును అవి పులియబెట్టి బ్యూటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు గోడకు ప్రధానమైన ఇంధనం ఆ బ్యూటిరేటే. వండి చల్లారిన పిండిపదార్థంలో కొంత భాగం చిన్నపేగు ఎంజైములకు లొంగని రూపం పొందుతుంది. సద్ది తిన్నవాళ్లకు ఆ కొంత పెద్దపేగుకు చేరుతుంది.

చిన్నపేగు కోయలేని చక్కెర పెద్దపేగుకు చేరుతుందన్న సూత్రం కిందికే పాలు కూడా వస్తాయి. పాలలోని లాక్టోజ్‌ను విడగొట్టే లాక్టేజ్ ఎంజైమ్ పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది, ఉత్తర భారతం కంటే దక్షిణాదిలో ఈ తగ్గుదల ఎక్కువమందిలో ఉంటుంది. పెరుగు తోడుకునేటప్పుడు బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత తినేస్తుంది, దాని ఎంజైమ్ మన పేగులోనూ కొంత పనిచేస్తుంది. పాలు పడనివాళ్లకు మజ్జిగ పడడంలో శాస్త్రం ఇదే.

నీళ్లు: ప్రాణం నిలిపేవి, ఎముకలు వంచేవి

రోజూ జీర్ణనాళంలోకి చేరే ద్రవం సుమారు తొమ్మిది లీటర్లు. తాగేది, తినేదానిలో ఉన్నది రెండు లీటర్లయితే, మిగతా ఏడూ మన ఒంటి రసాలే. బయటికి పోయేది నూరు, నూట యాభై మిల్లీలీటర్లే. విరేచనాల్లో ఈ లెక్క తలకిందులై గంటల్లో ప్రాణం పోతుంది.

దీనికి జవాబు పేగు గోడలోనే దొరికింది. గ్లూకోజ్, సోడియం జంటగా లోపలికి పోతాయని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త వివరించాడు. వాటి వెంట నీరు పోతుంది. కలరాలో కూడా ఈ దారి మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బొంగావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లను డ్రమ్ములతో పంచాడు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్ అందుబాటులో లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు సమంగా కొలిచి కలిపితే చాలు. ఉప్పు వేసిన బియ్యపు గంజి కూడా ఇదే సూత్రంతో పనిచేస్తుంది. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు నీళ్లు ఆపడం ప్రాణాంతకమన్న మాట ప్రతి ఇంటికీ చేరాలి.

ఇదే నీటిలో మన సీమకు ముప్పు కూడా ఉంది. లోతుకు తవ్విన బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. జీర్ణాశయపు ఆమ్లంలో అది హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారి గోడ గుండా సులువుగా జారిపోతుంది. నీటిలోని ఫ్లోరైడ్ దాదాపు అంతా ఒంటికి పడుతుంది. కాల్షియం ఉన్న ఆహారం తోడుంటే కొంత తగ్గుతుంది, కాల్షియం దాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోవడాన్ని మన దేశంలో తొలిగా శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. అనంతపురం జిల్లాలో 1996 నాటికి సత్యసాయి నీటి పథకం ఏడు వందలకు పైగా గ్రామాలకు మంచినీరు చేర్చింది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ గరిష్ఠ పరిమితి. బోరు నీళ్లు తాగే ప్రతి ఊళ్లో ఆ పరీక్ష చేయించడం పంచాయతీ బాధ్యత.

గోడ దెబ్బతింటే

ఆంత్రచూషకాలు అరిగిపోతే ఎంత తిన్నా వ్యర్థమే. స్ప్రూ అనే జబ్బు అలాంటిది. 1895లో భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు అన్నదమ్ములను ఈ జబ్బే రోజుల తేడాలో తీసుకుపోయింది. ఆయనకూ అది సోకింది, వైద్యుడు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. 1923లో అమెరికా వెళ్లి, ఆ తర్వాత లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ చికిత్సలో అది మలుపు. పేగు గోడ కణాలు రోజూ కొత్తగా పుట్టడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. గోడ పాడైతే అది అందదు, అది అందకపోతే గోడ బాగుపడదు. ఆ చక్రాన్ని బయటినుంచి ఇచ్చిన మాత్ర తెంపింది.

తర్వాతి కాలంలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో సెల్విన్ బేకర్, వి.ఐ. మథన్ దక్షిణ భారత పల్లెల్లో స్ప్రూ వ్యాపించిన తీరును పరిశీలించారు. జబ్బు లేనివాళ్లనుకునే గ్రామీణుల్లోనూ ఆంత్రచూషకాలు కురచగా, పీల్చుకునే శక్తి తక్కువగా ఉన్నాయని కూడా గమనించారు. మురికి నీరు, మలం కలిసిన పరిసరాల్లో పెరిగే పిల్లల పేగు గోడ నిరంతరం చిన్నచిన్న దాడులకు గురవుతుంది, పెద్ద విరేచనాలు రాకుండానే అరిగిపోతుంది. పిల్లల ఎదుగుదల ఆగడంలో దీని పాత్ర ఎంతన్నది ప్రపంచవ్యాప్తంగా ఇంకా వాదనలో ఉంది. బంగ్లాదేశ్‌లో, ఆఫ్రికాలో మరుగుదొడ్లు, చేతుల శుభ్రత మీద జరిగిన పెద్ద ప్రయోగాలు పిల్లల ఎత్తును ఆశించినంత పెంచలేదు. అరకొర శుభ్రత చాలదని, పైపు నీరు, మురుగు పారుదల వంటి పూర్తి మార్పు కావాలని చాలామంది పరిశోధకులు ఇప్పుడు అంటున్నారు. ఆ మాటను నేను నమ్ముతాను.

తేలిన విషయం

ఇంత పరిశోధనను ఒకచోట పెట్టి చూస్తే తిండి ఒంటికి పట్టడం మూడు చోట్ల తేలుతుందని అర్థమవుతుంది. ఒకటి వంటిల్లు. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం, నూరడం జీర్ణక్రియలో సగం పనిని పేగు కంటే ముందే చేస్తాయి. రెండోది పళ్లెం. ఇనుము పక్కన పులుపు పండు, భోజనం తర్వాత ఆలస్యంగా టీ, సంగటి పక్కన పప్పు. మూడోది ఊరు. శుభ్రమైన నీరు, మురుగు లేని వీధి లేకపోతే మొదటి రెండూ సగం వృథా.

మొదటి రెండు పనులూ ఈ సీమ ఆడవాళ్లు తరాలుగా చేస్తూ వచ్చారు. ఆ శ్రమకు పోషకాహార కార్యక్రమాల్లో చోటు దొరకాలి. అంగన్వాడీలో రాగిపిండి పంచేటప్పుడు మొలకెత్తించిన పిండి పంచాలి, బడి భోజనంలో ఎన్ని మిల్లీగ్రాముల ఇనుముందన్న లెక్కతో పాటు ఎంత ఒంటికి పడుతుందన్న లెక్కా అడగాలి. మూడో పని ఇంటి ఆడవాళ్ల మీద వేయగలిగింది కాదు. అది ప్రభుత్వం చేయాల్సిన పని. సోమందేపల్లె లాంటి మండలాల్లో రక్తహీనత మీద పెట్టే ప్రతి రూపాయిలో కొంత పైపు నీటికీ, మురుగు కాలువకూ పోవాలి. ఇనుము మాత్ర పనిచేయాల్సింది పేగు గోడ మీద, ఆ గోడను కాపాడేది శుభ్రమైన నీరే.